భూలక్ష్మి చెవి వెనక ఎర్ర దీపం

బడుల్లో 'అర్థమైందా' అన్న మాటను నిషేధించి పదకొండేళ్లయింది. ఈ 2079లో ఏ టీచరైనా నోరు జారి ఆ మాట అంటే గోడలోని యంత్రం కీచుమని అరుస్తుంది. 'పిల్లల్ని అడగకండి, దీపం చూడండి' అని విద్యా మండలి వాళ్లు ప్రతి బడి గుమ్మం మీదా రాయించారు.

రాతిగూడెం బడి ఆరో తరగతిలో ఆ రోజు ముప్పై రెండు దీపాలు వెలుగుతున్నాయి. ముప్పై ఒకటి పచ్చగా, ఒక్కటి ఎర్రగా.

దాని పేరు గ్రహణదీపం. చెవి వెనక అంటించుకునే గోరంత బిళ్ల. పాఠం బుర్రకెక్కిన క్షణాన మెదడులో ఒక రకం అల పుడుతుందని కనిపెట్టి, దానికి 'బోధ తరంగం' అని పేరు పెట్టింది డాక్టర్ హైమవతి. అల పుడితే పచ్చ, లేకపోతే ఎరుపు. ఎరుపు ఎంతకీ పోకపోతే టీచర్ చేతిలోని ఎలక్ట్రానిక్ పలక ఇంకో దారి చూపిస్తుంది. ఈ పిల్లకు బొమ్మ గీసి చెప్పు, ఆ పిల్లవాడితో చేత్తో చేయించు, ఇంకొకరికి కథలా చెప్పు అని. ఒక్కో బిడ్డ ఒక్కో తీరుగా నేర్చుకుంటుందని ఆమె నమ్మింది. మంచి నమ్మకమే. ఆఫీసుల చేతిలో పడ్డాక దాని గతి మారింది. గది నిండా పచ్చ ఉన్న టీచర్‌కు మెప్పు, ఎరుపు ఉన్న టీచర్‌కు సంజాయిషీ నోటీసు. ఆరో తరగతికి వచ్చాక ముప్పై రోజులు వరసగా ఎర్రగా ఉన్న బిడ్డను 'ప్రత్యేక పథం' అనే వేరే బడికి తోలేయాలని ఉత్తర్వు. అక్కడ సంచులు కుట్టడం నేర్పుతారు. అక్కడికి వెళ్లిన బిడ్డ మళ్లీ లెక్కల పుస్తకం ముట్టుకున్నది లేదు.

భూలక్ష్మికి అది ఇరవై తొమ్మిదో రోజు.

"తరగతిలో తొంభై ఏడు శాతం గ్రహణం పూర్తయింది. తరువాతి పాఠానికి వెళ్లండి," అంది పలక.

"ఆగు," అంది అండాలు టీచర్. ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషి. ఈ పదకొండేళ్లుగా పలక వెళ్లమన్నప్పుడల్లా వెళ్లిపోయిన మనిషి కూడా. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకు తన మీదే కోపం వస్తోంది. "భూలక్ష్మీ, ఏడ ఆగినవ్ బిడ్డా?"

"టీచర్, ఆరును అరతోని భాగిస్తే పన్నెండు అంటున్రు. భాగిస్తే తక్కువ కావాలె గద. ఎక్కువ ఎట్లయితది?"

అండాలు తక్కిన పిల్లల వైపు తిరిగింది. "గిరిజా, నీది పచ్చగుంది గద. నువ్వు చెప్పు, ఎట్లయితది?"

గిరిజ లేచింది. "తిరగేసి గుణిస్తం టీచర్."

"ఎందుకు తిరగేస్తం?"

"గట్లనే చెయ్యాలె టీచర్," అంది గిరిజ. అండాలు ఒక్కొక్కరినీ లేపింది. ముప్పై ఒక్క మందిలో ఒక్కరూ చెప్పలేదు. చెవుల వెనక దీపాలు మాత్రం నిగనిగలాడుతూనే ఉన్నాయి.

"మరి గివి పచ్చగ ఎట్ల ఎలుగుతున్నయిరా!" ఆమె గొంతుకు కిటికీ అద్దాలు అదిరాయి.

గిరిజ ఏడుపు గొంతుతో అంది. "టీచర్, సమజైంది, సమజైంది అని లోపట గట్టిగ అనుకుంటే పచ్చగైతది. ఒకటో తరగతి నుంచి అందరం గట్లనే అనుకుంటం. భూలక్ష్మికి గూడ చెప్పినం. అది అనుకోదు."

"ఎందుకు అనుకోవు బిడ్డా?"

"కాలేదు గద టీచర్," అంది భూలక్ష్మి.

అండాలు పలకను బల్ల మీద బోర్లించింది. తన టిఫిన్ డబ్బాలోంచి జొన్నరొట్టె తీసి సగానికి తుంచింది. "ఒక్క రొట్టెల అర ముక్కలు ఎన్ని?" "రెండు." "ఆరు రొట్టెలల్ల?" భూలక్ష్మి కళ్లు పెద్దవయ్యాయి. "పన్నెండు! అంటే భాగించుడంటే తక్కువ చేసుడు కాదు టీచర్, దాంట్ల ఇవి ఎన్ని ఉన్నయని అడుగుడు!" పిల్ల బోర్డు దగ్గరికి పరుగెత్తి మూడు లెక్కలు తప్పు లేకుండా చేసింది. చేసి వెనక్కి తిరిగి, "మరి అరను ఆరుతోని భాగిస్తే ఏం అడిగినట్టు టీచర్?" అంది.

ఆ పిల్ల చెవి వెనక దీపం ఎర్రగానే ఉంది.

మర్నాడు విద్యా మండలి బండి వచ్చింది. డైరెక్టర్ నరహరి, నలుగురు అధికారులు, వాళ్లతో డాక్టర్ హైమవతి దిగారు. బిడ్డను పంపే కాగితం మీద దీపాన్ని కనిపెట్టిన శాస్త్రవేత్త సంతకం ఉండాలని రూలు. ఇంతకుముందు కొన్ని వందల కాగితాల మీద ఆమె అలా సంతకం పెట్టింది.

"ఈ పిల్ల తరగతిల అందరికంటే బాగ నేర్చుకుంటున్నది. మీ దీపమే అబద్ధం చెప్తున్నది," అంది అండాలు.

"యంత్రం అబద్ధం చెప్పదమ్మా," అన్నాడు నరహరి చిరునవ్వుతో. ఆ నవ్వు చూసి అండాలుకు ఒళ్లు మండింది.

"అయితే మీరు గూడ పెట్టుకోండ్రి సార్. రెండు నిమిషాలు నా పాఠం వినుండ్రి."

పిల్లల ముందు కాదంటే బాగుండదని అందరూ తలో బిళ్ల అంటించుకున్నారు. అండాలు రాత్రి కూర్చుని రాసుకొచ్చిన కాగితం తీసి గంభీరంగా చదివింది. "విలోమ భిన్నం తన అంతర్గత హారాన్ని లవంతో సమన్వయపరచుకున్నప్పుడు ఏర్పడే సాపేక్ష శేషమే ఈ పథకం యొక్క మౌలిక లక్ష్యం. సమజైందా?"

గోడ అరవలేదు. రాజధానిలో దాన్ని తయారుచేసిన వాళ్లు 'అర్థమైందా' ఒక్కటే నేర్పారు, దాన్నే ఈ ఊళ్లో ఇలా అంటారని వాళ్లకు తెలియదు.

నరహరి తల పంకించాడు. పచ్చ. నలుగురు అధికారులూ పచ్చ. డాక్టర్ హైమవతి పచ్చ. వెనక బెంచీ నుంచి భూలక్ష్మి చెయ్యెత్తింది. "టీచర్, నాకు ఒక్క ముక్క సమజ్ కాలే." ఎరుపు.

"ఎట్లయితది బిడ్డా, అందులో ఏమన్న ఉంటే గద! నోటికొచ్చింది రాసిన." అండాలు ఆ కాగితాన్ని నరహరి ముందుకు విసిరింది. "ఏం సమజైంది సార్ మీకు? చెప్పుండ్రి! ఏమీ లేని దానికి పచ్చగ ఎలిగినోళ్లు అధికారులు, నిజం చెప్పిన పిల్ల సంచులు కుట్టుకోవాల్నా? ఎంతమంది బిడ్డల్ని గిట్ల పారేసిన్రు?"

డాక్టర్ హైమవతి తన చెవి వెనక బిళ్లను తడిమి చూసుకుంది.

"మొదటి ప్రయోగంలో రెండు వందల మందికి పాఠం చెప్పించాను," అంది మెల్లగా. "అయ్యాక అర్థమైందా అని అడిగాను." గోడ కీచుమంది. ఆమె ఆగలేదు. "అర్థమైంది అన్నవాళ్ల మెదడులో పుట్టిన అలనే పట్టుకున్నాను. వాళ్లు నిజం చెప్పారో లేదో చూడలేదు. అది తెలుసుకున్న అల కాదు నరహరిగారూ. ఇక అడగక్కర్లేదు అనుకున్న మనసు పడే ఊరట. ఇంకా అడుగుతూ ఉన్న బుర్రకు అది రాదు."

నరహరి తలుపు వేయించాడు. "డాక్టర్‌గారూ, దేశమంతా ఈ దీపాలే. ఈ మాట గడప దాటకూడదు. కాగితం మీద సంతకం పెట్టండి, వెళ్దాం. అర్థమైందా?"

గోడ మళ్లీ కీచుమంది. ఆమె నోరు విప్పకముందే ఆమె చెవి వెనక దీపం పచ్చగా వెలిగింది. చేయి అలవాటుగా కలం వైపు వెళ్లింది.

"మేడం, మీది పచ్చగైంది," అంది భూలక్ష్మి. వెక్కిరింత కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. "మీకేం సమజైంది మేడం?"

డాక్టర్ హైమవతి ఆ పిల్ల ముఖంలోకి చూసింది. జవాబు కోసం వెతికింది. తను పంపేసిన బిడ్డల్లో ఒక్కరి పేరైనా గుర్తుందా అని వెతికింది. ఒక్క పేరూ దొరకలేదు.

దీపం ఎర్రగా మారింది. ఆమె కలం మూసేసి, బిడ్డను పంపే కాగితాన్ని నిలువునా చింపింది.