అద్దాల తోటలో పెళ్లికొడుకు

సీసాలో మంచినీళ్లు పట్టుకుని సొల్బి తిరిగి వచ్చేసరికి, చాంగ్‌గ్యొంగ్ ప్యాలెస్ రాతి వంతెన మీద నాయనమ్మ ఎవరో కుర్రాడి చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. ఆమె హ్యాండ్‌బ్యాగ్ అతని భుజానికి వేలాడుతోంది.

ఊరు కాని ఊరు. సియోల్‌లో ముసలివాళ్లను మాటల్లో పెట్టి దోచుకుంటారని బయల్దేరేముందు తమ సముద్రతీరపు ఊరు తొంగ్యాంగ్‌లో ఇరుగుపొరుగు ఒకటికి పదిసార్లు చెప్పారు.

"ఏవండీ, ఆ బ్యాగ్ ఇటివ్వండి" అంది సొల్బి.

"తప్పకుండా ఇస్తాను. ముందు నా చెయ్యి నాకు ఇప్పించండి" అన్నాడతను.

అతని పేరు తెయూల్. పాతకాలపు దుస్తులు వేసుకొస్తే ప్యాలెస్‌లోకి టికెట్ అక్కర్లేదని, ఎదురుగా ఉన్న షాపులో ఆస్థాన ఉద్యోగి వేషం అద్దెకు తీసుకుని వచ్చాడు. నీలం అంగీ, రెండు పక్కలా రెక్కలున్న నల్ల టోపీ. వెనకటి రోజుల్లో పెళ్లికొడుకులు కట్టేది కూడా అదే వేషం. ఆ సంగతి అతనికి తట్టలేదు, నాయనమ్మకు తట్టింది.

"ముహూర్తానికి రావలసినవాడు ఇప్పుడా రావడం?" అని ఆమె అతన్ని కోప్పడుతోంది. బ్యాగ్ కూడా తనే అతని భుజానికి తగిలించిందట.

సొల్బి నమ్మలేదు. నమ్మకపోగా, సెక్యూరిటీని పిలుస్తానంది. పిలవమన్నాడు. టోపీ పెట్టుకుని దొంగతనానికి వచ్చేంత తెలివితక్కువవాడిలా కనిపిస్తున్నానా అని అడిగాడు. కనిపిస్తున్నారని ఆమె మొహం మీదే చెప్పింది. పక్కనున్న టూరిస్టులు నవ్వారు. సరిగ్గా అప్పుడే ఆకాశం పగిలినట్టు ఉరిమింది. వాన ఒక్కసారిగా కుమ్మరించడంతో జనం చూరుల కిందికి పరుగులు తీశారు.

ఆ తోపులాట సద్దుమణిగాక చూస్తే బ్యాగ్ అతని భుజానే ఉంది. నాయనమ్మ లేదు.

అమ్మానాన్నలు విడిపోయి తలో దారీ చూసుకున్నాక, ఏటా చలికాలమంతా కూలికి ఆల్చిప్పలు ఒలిచి సొల్బిని పెంచింది ఈ నాయనమ్మే. జ్ఞాపకం జారిపోతోందని, ఇక ఆగదని డాక్టరు చెప్పిన రోజునే సొల్బి సెలవు పెట్టింది. కొత్త కోడలిగా సియోల్‌లో కాపురమున్న రోజుల్లో చూసిన ప్యాలెస్‌లన్నీ మళ్లీ చూడాలని ముసలామె కోరిక. ఆ కోరిక తీర్చడానికి తీసుకొచ్చి, ఎవరితోనో పోట్లాడుతూ ఆమెనే పోగొట్టుకుంది.

"ఫోన్ ఉందా ఆవిడ దగ్గర?" తెయూల్ అడిగాడు. అతని గొంతులో ఇందాకటి వెటకారం లేదు.

ఆమె అతని భుజం మీది బ్యాగ్ వైపు చూసింది. ఫోన్ అందులోనే ఉంది.

ఇద్దరూ పరుగెత్తారు. పెద్ద హాలు ముందున్న రాతి వాకిట్లో నీళ్లు మడుగు కట్టాయి. రాణుల మందిరాల చుట్టూ తిరిగారు, తలుపుల సందుల్లోంచి చూశారు. పాతకాలపు గదులు, చీకట్లో కాగితం కిటికీలు. ఒక్కో మూల తిరిగినప్పుడల్లా సొల్బికి అక్కడ ఏం కనిపిస్తుందోనని భయం, ఏమీ కనిపించనప్పుడు అంతకంటే ఎక్కువ భయం. వాన హెచ్చరిక వచ్చింది, అందరూ గేటు వైపు రావాలని మైకులో చెబుతున్నారు. సొల్బి తన పేరు, నాయనమ్మ ఆనవాళ్లు చెప్పగానే సిబ్బంది కూడా తలో దిక్కుకూ వెతకడానికి వెళ్లారు. ఒక ముసలామె ఏనుగు ఎక్కడుందని అడిగిందనీ, పాపం మతి సరిగా లేదేమో అనుకున్నాననీ గొడుగు వేసుకున్న ఆవిడెవరో చెప్పింది.

"ఏనుగా?" అంది సొల్బి.

"ఒకప్పుడు ఇక్కడ జూ ఉండేది. మా నాన్న చిన్నప్పుడు వచ్చాడట" అన్నాడు తెయూల్. "చెరువులో పడవలు కూడా నడిపేవాళ్లు."

చెరువు మాట వినగానే సొల్బి కాళ్లు అటే పరుగు తీశాయి.

చెరువు గట్టున, తడిసిన గడ్డిలో, నాయనమ్మ రబ్బరు చెప్పు ఒక్కటే పడి ఉంది. నీళ్లు బురదరంగులో మరుగుతున్నట్టున్నాయి.

సొల్బి బూట్లు విప్పేసింది. సముద్రం ఒడ్డున పుట్టిన పిల్ల, ఈత ఆమెకు నడకతో సమానం. దూకబోతుంటే తెయూల్ రెండు చేతులతో నడుం పట్టి వెనక్కి లాగాడు. విడిపించుకోవాలని ఆమె కొట్టింది, రక్కింది. నల్ల టోపీ ఎగిరి నీళ్లలో పడింది.

"సొల్బిగారూ, ఒక్క మాట వినండి. అంగుళం లోతు కూడా కనబడని నీళ్లలో ఎక్కడని వెతుకుతారు? ఇప్పుడే గుర్తొచ్చింది, ఇందాక మీ నాయనమ్మ నాకో మాట చెప్పారు. చలేస్తోంది, అద్దాల ఇంట్లోకి పోదాం అన్నారు. అది ఈ చెరువు అవతలే ఉంది."

"అక్కడ లేకపోతే?"

"లేకపోతే మీతోపాటు నేనూ దూకుతాను. నాకు ఈత రాదు."

ఆమె గట్టు మీది ఆ చెప్పు తీసుకుని, అతను చూపిన వైపు పరుగెత్తింది.

చెట్ల వెనక తెల్లటి అద్దాల మేడ, లోపల కుండీల్లో మొక్కలు. తలుపు తోయగానే వెచ్చటి మట్టి వాసన తగిలింది. కమీలియా పూల కుండీ పక్కన, ఒంటి చెప్పుతో, నీళ్లోడుతూ నాయనమ్మ కూర్చుని ఉంది.

సొల్బి మోకాళ్ల మీద కూలబడి ఆమెను పట్టుకుంది. ముసలామె వెనక్కి జంకింది.

"ఎవరమ్మా నువ్వు?"

ఏ రోజు వస్తుందోనని సొల్బి రాత్రుళ్లు నిద్రపట్టక భయపడిందో, ఆ రోజు వచ్చేసింది. ఏడుపు కూడా రాలేదు.

తెయూల్ మెల్లగా వచ్చి ముసలామె పక్కన కూర్చున్నాడు. తడిసిన నీలం అంగీ చూసి ఆమె మొహం విప్పారింది.

"వచ్చారా" అంది.

"వచ్చాను. ఈ అమ్మాయిని చూశావా? మన మనవరాలు. పేరు సొల్బి."

నాయనమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. "పెళ్లే కాలేదు, అప్పుడే మనవరాలా? మీ తొందర మండిపోను."

సొల్బి నవ్వేసింది. నవ్వుతూనే ఏడ్చింది. తెయూల్ తలదించుకుని ముసలామె పాదం తన అంగీ అంచుతో తుడుస్తున్నాడు.

అద్దాల మీద వాన జోరు తగ్గేదాకా అక్కడే కూర్చున్నారు. నాయనమ్మ అతని భుజం మీద తలవాల్చి కునుకు తీసింది. సొల్బి తగ్గు గొంతుతో క్షమించమంది. మెడ మీది గోటి గీతలు చూపించి, ఇవి మానేలోగా ఆలోచించి చెబుతానన్నాడు. నాయనమ్మ తల జారకుండా భుజం సర్దుకుని, "అంతా మరిచిపోయేది ఆవిడ, భయం మీది" అన్నాడు.

"ఇవాళ మరిచిపోయింది. రేపు ఇంకా మరిచిపోతుంది. తనకి నేనెవరో తెలియని ఇంట్లో నేనొక్కదాన్నే ఉండాలి" అంది సొల్బి. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. "మీకు భయం వెయ్యదా?"

"ఇందాక గట్టున వేసింది. మీరు దూకేస్తారేమోనని. పరిచయమై గంట కూడా కాని మనిషి గురించి అంత భయమేమిటో నాకింకా అర్థం కావడం లేదు."

సొల్బి అతని మీంచి చూపు తిప్పుకోలేదు.

అప్పుడే నాయనమ్మ కళ్లు తెరిచింది. చుట్టూ చూసింది, తన తడి చీలమండలు చూసుకుంది, తను తలవాల్చిన భుజాన్ని చూసి చటుక్కున సర్దుకు కూర్చుంది.

"సొల్బీ, ఎవరే ఈ అబ్బాయి?"

తన పేరు ఆ నోట వినగానే సొల్బి ఆమెకు దగ్గరగా జరిగింది. ఆ పేరు ఎన్నాళ్లు నిలుస్తుందో తెలియదు. ఆ భయం ఎక్కడికీ పోలేదు, గుండెలో అలాగే ఉంది. అయినా ఆమె తెయూల్ వైపే చూస్తూ చెప్పింది.

"నాకూ సరిగ్గా తెలియదు నాయనమ్మా. తెలుసుకోవాలని ఉంది."

నాయనమ్మ అతని చెంపలు రెండు చేతుల్లోకి తీసుకుని పరీక్షగా చూసింది.

"అయితే ముందు వేడివేడిగా ఇంత నూడుల్స్ పులుసు తాగించు. చూడు, చలికి పెదాలు నీలమయ్యాయి" అంది, లేవడానికి ఇద్దరికీ చెరో చెయ్యి అందిస్తూ.