కొలిచి పోసే నీళ్ళు

పొద్దున లేవగానే హేమావతి మొదట చేసే పని లీటరు సీసాలో నీళ్ళు నింపడం. ఆ రోజుకు ఆమె మొగుడు ఓబులేషు తాగాల్సిన నీళ్ళు అవే. కాఫీ, మజ్జిగ, మాత్ర మింగే గుక్క, అన్నీ ఆ లెక్కలోనే రావాలి. ఏళ్ళ తరబడి ఉన్న సుగరు అతని కిడ్నీలను తినేసింది. పాదాలు బూరెల్లా ఉబ్బాయి. ఉప్పూ నీళ్ళూ తగ్గించకపోతే రక్తం శుభ్రం చేసే మిషన్ పక్కన జీవితాంతం పడుకోవాల్సి వస్తుందని అనంతపురం డాక్టరు చెప్పాడు. నిన్న కళ్యాణదుర్గంలో పరీక్షకు రక్తమిచ్చి వచ్చారు. మిషనా, కాదా అన్నది ఈ సాయంత్రం ఫోనులో తెలుస్తుంది.

"ఇంకొంచెం పొయ్యి మే," అని ఓబులేషు గ్లాసు చాపాడు.

"ల్యా. ఇప్పుడే తాగేస్తే ఎండపూట ఏం జేస్తావు?"

అతను గ్లాసు బోర్లించి, వాచిన కాళ్ళను ఈడ్చుకుంటూ బయటికి నడిచాడు. యాడికని అడిగే పనే లేదు. వెనక వీధిలో అతని అక్క భద్రమ్మ ఇల్లుంది.

ఆ పేరు తలుచుకుంటేనే హేమావతికి కడుపు మండుతుంది. ఇంట్లో మూతి ముడుచుకుని కూర్చునే మనిషి అక్క అరుగెక్కితే నవ్వుతాడు. ఆ నవ్వు గోడ దాటి ఈమె వంటింట్లోకి వినిపిస్తుంది. ఉప్పు లేని కూర వండి తిట్లు తినేది తను. కాళ్ళ కింద దిండు పెట్టేది తను. నవ్వు మాత్రం అక్కకు! ఇదెక్కడి న్యాయం తల్లీ?

సాయంత్రం వీధి కుళాయి దగ్గర ఎదురింటి సుబ్బలక్ష్మమ్మ తగులుకుంది.

"ఏం హేమా, మొగునికి నీళ్ళు గూడా కొలిచి పోస్తావంట గదా! తమ్ముడు నీళ్ళకు మొగం వాచినాడని భద్రక్క ఒకటే బాధపడె."

హేమావతికి అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పుడే ఇంకో సంగతీ తట్టింది. ఇంత గట్టిగా కొలిచి పోస్తున్నా ఆ వాపు ఎందుకు దిగడం లేదు? బిందె అక్కడే వదిలేసి వెనక వీధికి పరుగెత్తింది.

భద్రమ్మ చేటలో చెనక్కాయలు ఒలుస్తోంది. పక్కనే స్తంభానికి ఆనుకుని ఓబులేషు. అతని ముందు ఖాళీ మజ్జిగ గ్లాసు, చేతిలో నిండు చెంబు. చెంబు పైకెత్తేలోపే హేమావతి లాక్కుంది. నీళ్ళు అరుగంతా పడ్డాయి.

"బాగుండాది వదినా! నేను చుక్కచుక్క కొలిచి పోసేది, నువ్వు చెంబులకు చెంబులు పోసేది! తమ్మున్ని సంపుకుంటాండావు!"

భద్రమ్మ లేచిన ఊపుకు చేట బోర్లాపడింది. "ఏమ్మే, నోరు అదుపులో పెట్టుకో! మాయమ్మ పోయేనాటికి వీనికి నడక గూడా రాల్యా. కరువులో బావులెండిపోతే వీన్ని సంకలో, కడవను నెత్తిన పెట్టుకోని నీళ్ళు మోసినా. నీళ్ళడిగితే పగోనికైనా లేదనకూడదు. ఈ నోరు అడిగితే లేదని నేనెట్ల సెప్పేది?"

"సెప్పద్దు! మంచిదానివి నువ్వే, రాక్షసిని నేను!" హేమావతి చెంబు కింద పడేసింది. "నాకు పొయ్యాలని ఉండదా? పొద్దుమానం ల్యా ల్యా అని నా నాలుక ఎండిపోతాంది. నీ మీద నాకు కుళ్ళు వదినా, దాసుకునేదేముంది? నువ్వు పోస్తావు, ఆయప్ప నవ్వుతాడు. ఒక్కసారన్నా నేను పోసి ఆ నవ్వు సూడాలనుకోనా?"

అంతలో ఓబులేషు ఫోను మోగింది. ఆసుపత్రి నర్సు. హేమావతి ఫోను అందుకుని స్పీకరు నొక్కింది.

"రిపోర్టు సారు చూసినాడమ్మా. మిషన్ ఇప్పుడే వద్దన్నాడు. కానీ అంచులో ఉండాడు. బరువు పెరిగింది, నీళ్ళు ఎక్కువ తాగుతాండాడా? ఇట్లే తాగితే ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. గట్టిగా ఉండండి. రెండు వారాలకు మళ్ళీ రక్తం చూద్దాం."

భద్రమ్మ తన అరచేతులు చూసుకుంది. "నా సేతుల్తోనే పోసినానే... నా సేతుల్తోనే," అంటూ చతికిలబడింది.

హేమావతి మొగుడి వైపు తిరిగింది. "దొంగతనంగా ఈడికొచ్చి తాగకుండా నన్నే అడగచ్చు గదా?"

ఓబులేషు తల దించుకున్నాడు. "అడిగితే ల్యా అంటావు. అని, వంటింట్లోకి పోయి నోట్లో కొంగు కుక్కుకోని ఏడుస్తావు. నాకు ఇనపడదనుకుంటివా? దాహమన్నా ఓర్సుకుంటా గానీ, అది ఓర్సుకోలేక ఈడికొస్తాండా."

హేమావతి మెట్టు మీద కూలబడింది. ఇన్నాళ్ళూ తన మీద ప్రేమ లేదనుకుంది. ఆ మనిషి గోడకు చెవి పెట్టి తన ఏడుపు వింటున్నాడని ఆమెకేం తెలుసు? ఏడుపు ఆగలేదు.

మరునాడు పొద్దున సీసా నింపాక హేమావతి ఒక చిన్న సీసా వెతికి, పెద్దదాంట్లోంచి కొన్ని నీళ్ళు అందులోకి వంచింది. మొగుణ్ణి వెంటబెట్టుకుని వెనక వీధికి వెళ్ళింది. భద్రమ్మ నీళ్ళ కడవ మీద పళ్ళెం మూసి, దాని మీద గుండ్రాయి పెట్టేసింది. తమ్ముడి మొహం కూడా చూడకుండా గోడకు తిరిగి కూర్చుంది.

హేమావతి చిన్న సీసా ఆమె ఒళ్ళో పెట్టింది. "ఇది నీ వాటా వదినా. అడిగితే దీంట్లోంచే పొయ్యి. ఐపోతే ల్యా అను. నీకు నోరు రాకుంటే కేకెయ్యి, నేనొచ్చి అంటా."

భద్రమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. సీసా మూత తీసి ఒక గుక్క చెంబులో పోసి తమ్ముడికిచ్చింది. అతను తాగి అక్కను చూసి నవ్వాడు. అబద్ధమెందుకు, హేమావతికి అప్పుడు కూడా కొంచెం కుళ్ళు కలిగింది, మొహం పక్కకు తిప్పుకుంది.

భద్రమ్మ అది కనిపెట్టింది. సీసా హేమావతి చేతిలో పెట్టి, "ఈ గుక్క నువ్వు పొయ్యి మే," అంది.

హేమావతి పోసింది. ఓబులేషు మెల్లగా తాగి, మూతి తుడుచుకుని, ఆమెను చూసి నవ్వాడు.