కుడివైపు పేజీ

చెప్పు బకిల్ వలలో చిక్కుకుందని తబితకు తెలిసేసరికే కాలు ముందుకు పడిపోయింది. పర్రుమని చప్పుడైంది. ఆరబెట్టిన వల మధ్యలో మనిషి దూరేంత చిరుగు పడింది.

శనివారం మధ్యాహ్నం. జాలరిపేట ఇసుకలో తబిత, నూకాలు పట్టుకునే ఆట ఆడుతున్నారు. ఇద్దరిదీ ఒకే బడి, ఐదో తరగతి. తబిత వాళ్ళది జాలరిపేట వెనక వీధిలో అద్దె ఇల్లు. ఆ వల నూకాలు వాళ్ళ తాత దాలయ్యది.

చప్పుడు విని దాలయ్య పడవ చాటునుంచి లేచి వచ్చాడు. అప్పటికి తబిత కాలు విడిపించుకుని రెండడుగులు వెనక్కి వేసింది. వల పక్కన నూకాలు ఒక్కతే నిలబడి ఉంది.

"ఏటే ఇది? వలమీదకి పరిగెత్తొద్దని నాను సెప్పనేదా?"

నూకాలు తబిత వైపు చూసింది. తబిత వంగి చెప్పు బకిల్ పెట్టుకుంటోంది. అది ఎంతకీ పడటంలేదు.

"రోజూ బడినుంచొచ్చి నువ్వే కూకుని అల్లాల. బుధవారం తగరపువలస నేదు, ఏటీ నేదు," అన్నాడు దాలయ్య.

తగరపువలసలో నూకాలు మేనత్త ఉంది. బుధవారం అక్కడ అమ్మవారి పండగ. బస్సులో అమ్మతో కలిసి వెళ్తానని నూకాలు నెలరోజులుగా చెబుతోంది. ఇప్పుడు ఆమె ఇసుకలో కూర్చుని చిరుగు అంచులు దగ్గరికి లాగసాగింది.

తబిత ఇంటికి వెళ్ళిపోయింది.

ఇంట్లో ఆమెకు ఒక పని మిగిలి ఉంది. సండే స్కూలు నోటుబుక్కు. మార్తమ్మ టీచరుగారు పిల్లలందరికీ తలొకటి ఇచ్చారు. ఎడమవైపు పేజీలో ఆ రోజు బైబిల్లో ఏం చదివారో రాయాలి. కుడివైపు పేజీలో, చదివినదాన్నిబట్టి ఏం చేశారో రాయాలి.

చాలామంది నోటుబుక్కుల్లో ఎడమ పేజీలు నిండాయి, కుడి పేజీలు ఖాళీగా ఉన్నాయి. తబితవి రెండూ నిండాయి. 'ఇవాళ అమ్మకు సాయం చేశాను' అని రాసిన రోజున ఆమె నిజంగా ఒక గ్లాసు కడిగింది. 'కోపం తగ్గించుకున్నాను' అని రాసిన రోజున ఏం జరిగిందో ఆమెకే గుర్తులేదు.

ఆ రోజు భాగం, కొండమీద యేసు చెప్పిన మాటలు. తబిత గబగబా చదివేసింది. నువ్వు దేవుడికి కానుక తెచ్చినప్పుడు, నీవల్ల ఎవరైనా నొచ్చుకున్నారని గుర్తొస్తే, ఆ కానుక అక్కడే వదిలి ముందు వెళ్ళి వాళ్ళతో సమాధానపడమని అందులో ఉంది.

తబిత ఎడమ పేజీ నింపింది. కుడి పేజీ మీద పెన్సిలు కాసేపు ఆగింది. తర్వాత రాసింది.

'నావల్ల దాలయ్య తాత వల చిరిగింది. నేను వెళ్ళి తప్పు ఒప్పుకున్నాను. తాత క్షమించాడు.'

రాశాక మనసు కొంచెం తేలికైంది. నిజంగానే వెళ్ళి వచ్చినట్టు అనిపించింది.

మర్నాడు సండే స్కూల్లో మార్తమ్మ టీచరుగారు ఆ పేజీ చదివారు. మళ్ళీ ఒకసారి చదివారు.

"వచ్చే ఆదివారం మన వార్షికోత్సవం. ఈ పేజీ నువ్వు అందరిముందూ చదవాలి తబితా," అన్నారు.

సోమవారం బడిలో నూకాలు వేళ్ళమీద ఎర్రటి గీతలు కనిపించాయి. నైలాను దారం కోసిన గీతలు.

"నొప్పిగా ఉందా?" అంది తబిత.

"నేదు."

"నేనే చింపానని మీ తాతతో ఎందుకు చెప్పలేదు?"

నూకాలు పుస్తకం సంచిలో పెట్టుకుంటూ అంది. "నువ్వే సెప్తావనుకున్నాను."

బుధవారం నూకాలు బడికి వచ్చింది. పండగ సంగతి తబితా అడగలేదు, నూకాలూ ఎత్తలేదు.

శుక్రవారం సాయంత్రం నాన్న అర్జునరావు పోర్టు వర్క్‌షాపునుంచి వచ్చి, సైకిలు గోడకు ఆనించి కూర్చున్నాడు.

"ఏదీ, ఆదివారం చదివేది ఒకసారి వినిపించు."

తబిత వినిపించింది. నాన్న తలూపాడు.

"ఇంత జరిగితే నాకు చెప్పనేలేదే. మరి దాలయ్య ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు నాన్నా."

"మంచివాడు. ఈసారి కనబడితే నేనూ ఒక మాట చెప్తాలే."

నాన్న స్నానానికి వెళ్ళాడు. నాన్న, దాలయ్య ఎదురుపడితే ఏమవుతుందోనని తబిత కాసేపు భయపడింది. ఆ భయం వెనకే ఎర్రటి గీతలున్న వేళ్ళు గుర్తొచ్చాయి. అవి గుర్తొస్తే భయంకన్నా ఎక్కువ బాధగా ఉంది.

ఆమె బైబిలు తీసి అదే భాగం మళ్ళీ చదివింది. ఈసారి వేలు పెట్టి, ఒక్కో మాటా చదివింది. 'ముందు వెళ్ళి' అన్నచోట వేలు ఆగింది. పోయినవారం ఆ మాట కళ్ళముందునుంచే పోయింది. అప్పుడు ఆగలేదు.

శనివారం తబిత సముద్రం వైపు రెండుసార్లు బయలుదేరింది. రెండుసార్లూ వీధి మలుపునుంచి తిరిగి వచ్చేసింది.

ఆదివారం చర్చి నిండా జనం. పిల్లలు కొత్త బట్టలతో పక్క వరండాలో వరసగా నిలబడ్డారు. తబితది ఐదో వంతు. ముందు పిల్లలు ఒక్కొక్కరే లోపలికి వెళ్తున్నారు. ఇంకా ఇద్దరున్నారనగా తబిత వరసలోంచి పక్కకి వచ్చింది.

"టీచరుగారూ, నేను చదవను."

"భయమేస్తోందా?"

"కాదండి. ఇందులో ఉన్నది నిజం కాదు. నేను దాలయ్య తాత దగ్గరికి వెళ్ళలేదు. నింద నూకాలుమీద పడింది."

మార్తమ్మ టీచరుగారు చాలాసేపు ఆమెను చూశారు. ఆమె ముఖంలో కోపం ఉందో లేదో తబితకు తెలియలేదు.

"ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు?"

"వెళ్తానండి."

"ప్రోగ్రాం అయ్యాకా?"

తబిత తల అడ్డంగా ఊపింది. "ముందు."

టీచరుగారు చెయ్యి చాచి నోటుబుక్కు తీసుకున్నారు. "వెళ్ళిరా. మీ నాన్నకి నువ్వే చెప్పుకోవాలి. నేను చెప్పను."

చర్చినుంచి జాలరిపేటకు పది నిమిషాల నడక. తబిత పరుగెత్తలేదు, ఆగలేదు.

దాలయ్య పడవ నీడలో కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. కొంచెం దూరంలో నూకాలు వల ఒళ్ళో వేసుకుని అల్లుతోంది.

"తాతా, వల చింపింది నూకాలు కాదు. నేను. నా చెప్పు చిక్కుకుంది. భయపడి చెప్పలేదు."

దాలయ్య చుట్ట నోట్లోంచి తీశాడు. తబితను చూశాడు, వలను చూశాడు.

"ఎనిమిది రోజులైంది," అన్నాడు.

"అవును తాతా."

"ఒలే నూకాలూ. నువ్వు కాదా?"

నూకాలు తల ఎత్తకుండా అంది. "నువ్వు అడగనేదు కదా తాతా. తిట్టినావు."

దాలయ్య లేచి మనవరాలి దగ్గరికి వెళ్ళి ఆమె తలమీద ఒకసారి చెయ్యి వేశాడు. తర్వాత పడవల వైపు నడిచి వెళ్ళిపోయాడు.

తబిత నూకాలు ముందు నిలబడింది.

"నన్ను క్షమించు," అంది.

"తగరపువలస పండగ అయిపోనాది."

తబిత కొత్త గౌనుతోనే ఇసుకలో కూర్చుంది.

"ఇంకెంతుంది?"

"ఆ మూల మొత్తం."

"నాకు నేర్పిస్తావా?"

నూకాలు ఇంకో నాలుగు ముళ్ళు వేసింది. అప్పుడు వల అల్లే చెక్క సూది తబిత చేతికిచ్చింది. దారం ఎలా తిప్పాలో ఒక్కసారి చూపించింది. తబిత ముడి వేసింది. నూకాలు దాన్ని గోటితో లాగింది. అది జారిపోయింది.

"వదులైతే సేప పోద్ది. మళ్ళీ ఎయ్యి."

తబిత మళ్ళీ వేసింది. దారం వేలిని కోసింది. చెయ్యి వెనక్కి తీసుకోకుండా ముడి బిగించి, రెండో ముడికి దారం తిప్పింది.