వెయ్యి గంటల దీపం

“ఈసారి నువ్వు అంటుకోవాల్సింది బంకకే, బంకా,” అన్నాడు చీఫ్.

గూఢచారి శాఖలో అతని అసలు పేరు ఫైల్లో తప్ప ఎక్కడా లేదు. ఒకసారి ఒకడి వెనక పడ్డాడంటే ఊడిరాడు కాబట్టి అందరికీ అతను బంక. పెళ్ళి చూపులకి మాత్రం ఎవరి వెనకా పడే తీరిక దొరకలేదు. నలభై రెండేళ్ళొచ్చాయి.

చీఫ్ టేబుల్ మీద ఒక ఇంజెక్షన్ సూది పెట్టాడు. “సూది స్టీలు, మొదలు ప్లాస్టిక్. రెంటికీ ముడి పెట్టేది ఒక్క చుక్క జిగురు. అల్ట్రావయొలెట్ లైటు కింద పెడితే రెండు సెకన్లలో రాయి. పెట్టకపోతే ఎన్నాళ్ళయినా చొంగే.”

“ఫ్యాక్టరీ ఎవరిది సార్?”

“మనదే. కన్ను పరాయివాళ్ళది. ఒక విదేశీ ముఠా లోపల దూరింది. శాంతి చర్చలకొచ్చిన పెద్దమనిషి శుక్రవారం నాలుగింటికి ఫ్యాక్టరీ చూడ్డానికొస్తున్నాడు. ఆయనకేమైనా అయితే చర్చలుండవు, యుద్ధమే. ఆయన మీదికొస్తారో, ఆస్పత్రులకెళ్ళే సూదుల్నే పాడుచేస్తారో తెలీదు. నువ్వు ల్యాంపు మెకానిక్‌వి.”

“లోపల మనవాళ్ళెవరైనా ఉన్నారా?”

“ఉన్నా నీకు చెప్పను. నీ సంగతి వాళ్ళకీ చెప్పను. ఒకరు దొరికితే రెండోవాళ్ళు దక్కాలి. ప్రాణం మీదికొస్తే తప్ప మాట కలపకూడదు. ‘వాన లేదు, గొడుగెందుకు?’ అంటారు. ‘ఎండకి’ అనాలి.”

శాఖ అతనికి ఒక పెట్టుడు మీసం, బెల్టు మీద వెళ్తూ లైటు బలం కొలిచే గుండ్రటి మీటరు ఇచ్చింది. మీటరు అడుగున వైర్‌లెస్ ఉంది. మీసం అడుగున దురద ఉంది.

జిగురు గదిలో అన్నీ పసుపుపచ్చ బల్బులే. మామూలు వెలుతురు తగిలితే జిగురు ముందే గట్టిపడుతుంది. ఆ పచ్చదనంలో పనివాళ్ళంతా కామెర్ల వార్డులో ఉన్నట్టుండేవాళ్ళు. లైన్ సూపర్వైజరు ఒక్కతే బంగారంలా ఉంది. కళ్ళకి అడ్డంగా పెద్ద కళ్ళద్దాలున్నా, ఆవిడ నడిచొస్తుంటే బెల్టు కూడా ఒక్క క్షణం ఆగినట్టనిపించింది.

“మేస్త్రీ, ఎడమ పక్క మీసం లేచింది,” అంది మొదటి రోజే.

అతను గభాలున నొక్కుకున్నాడు. “పని చూసి నిక్కబొడుచుకుంది మేడమ్.”

“ఒక పక్కే పని చూసిందా?”

పదకొండు రోజులు అలాగే గడిచాయి. ఆవిడ ఫ్లాస్కులో టీ సగం అతనిదయింది. అతని జోకుల్లో సగం ఆవిడవయ్యాయి. ఉద్యోగరీత్యా మనుషుల వెనక పడినవాడికి ఒక మనిషి ఎదురుగా కూర్చోవడం కొత్త. పని అయిపోయాక ఈ మీసం తీసేసి నిజం మొహంతో ఒక మాట అడగాలి, అనుకున్నాడు.

ఈలోగా మీటరు ఒక సంగతి చెప్పింది. మూడో బెంచి ల్యాంపు ముసలిదైపోయింది. ముసలి ల్యాంపుతో వచ్చిన చిక్కే అది. కంటికి వెలుగు తగ్గదు, జిగురుని గట్టిపరిచే బలం మాత్రం పోతుంది. పిల్లల వార్డుకెళ్ళే సన్న సూదులు ఆ బెంచి మీదే అతుకుతాయి.

గురువారం ఆవిడే వచ్చింది. “మేస్త్రీ, మూడో బెంచి ల్యాంపు శనివారం మార్చండి. రేపు మాత్రం ముట్టుకోవద్దు.”

“ఎందుకు మేడమ్?”

ఆవిడ ఒకసారి మేనేజరు అద్దాల గది వైపు చూసింది. “నేను అడుగుతున్నాను కాబట్టి.”

అతను టీ కప్పు కింద పెట్టేశాడు. వదులు సూదులు, పిల్లల వార్డు, ముసలి ల్యాంపుకి కాపలా ఈ మనిషి. లెక్క కుదిరింది. మనసే కుదరలేదు. అయినా మీటరు నోటి దగ్గర పెట్టుకుని, “ముఠా మనిషి సూపర్వైజరు,” అని శాఖకి చెప్పాడు. అటునుంచి ‘విన్నాం’ అన్న మాట ఒక్కటే వచ్చింది.

శుక్రవారం పొద్దున పదింటికి, ఆవిడ స్టోర్ రూములో ఉండగా, కొత్త ల్యాంపు బిగించేశాడు.

మధ్యాహ్నం మేనేజరు ఒక వెండి పెన్ను తెచ్చి, మూడో బెంచి దగ్గర ఆవిడ పక్కనే నిలబడి, ఆవిడ చేత లోపలేదో అతికించుకుని పోయాడు. పెన్నే కదా అని బంక పట్టించుకోలేదు. అతను సూదుల్ని లెక్కపెట్టుకుంటున్నాడు.

నాలుగుకి పది నిమిషాలుందనగా ఆవిడ ఆ బెంచి మీది సూది ఒకటి తీసి, లాగి చూసే యంత్రానికి తగిలించింది. బలం చూపే ముల్లు చివరిదాకా పోయింది. సూది ఊడలేదు. ఆవిడ మొహంలో రంగు మాత్రం ఊడిపోయింది.

“ల్యాంపు మార్చావా?” మొదటిసారి నువ్వంది.

“మార్చాను.”

ఆవిడ దగ్గరికొచ్చింది. “వాన లేదు. గొడుగెందుకు?”

అతను మీటరు బెంచి మీద పెట్టేశాడు. “ఎండకి.”

“ఆ పెన్నులో విషం సూది ఉంది. మీట నొక్కితే బయటికి పొడుస్తుంది. పాత ల్యాంపయితే జిగురు పైపైనే ఆరేది, నొక్కగానే సూది లోపలే జారిపోయేది. మేనేజరు పెన్నుతో సహా దొరికేవాడు. ఆ బెంచి సూదుల్ని నేనే పక్కన పెట్టేస్తున్నాను. వాడు పక్కనే నిలబడి చూస్తుంటే నేనింకేం చెయ్యను? ఏడాది నుంచీ దీనికోసమే వాడి మనిషిలా నటించాను.”

హాల్లో అతిథికి చప్పట్లు మొదలయ్యాయి. ఇద్దరూ పరుగెత్తారు. ఆవిడ ముందు, అతను నాలుగడుగులు వెనక. వెనక పడటమే వృత్తిగా బతికినవాడు వెనక పడినందుకు ఏడ్చింది ఆ ఒక్కసారే.

మేనేజరు విజిటర్ల పుస్తకం తెరిచి, వెండి పెన్ను అతిథి వైపు చాచాడు. అతిథి చెయ్యి చాచాడు. మధ్యలో ఆవిడ చెయ్యి వచ్చింది.

“ఈ పెన్ను సిరా కక్కుతుంది సార్, పేజీ పాడవుతుంది,” అని నవ్వుతూ పెన్ను మొనని గుప్పిట్లో బిగించింది.

మేనేజరు మీట నొక్కాడు. టిక్కుమంది. ఆవిడ గుప్పిట విప్పలేదు.

అతిథి తన జేబులోని పెన్నుతో సంతకం పెట్టి, బాగుంది అని రాసి, పక్క గదిలోకి వెళ్ళిపోయాడు. మేనేజరుని బంక ఒకే గుద్దుతో పడగొట్టి కాపలావాళ్ళకి వదిలేశాడు. జీవితంలో ఒక నేరస్థుణ్ణి అతను వదలడం అదే మొదలు.

ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుంది. సూది అరచేతిలోనే ఉంది.

“గట్టిగా అతికింది,” అంది. “మంచి పనివాడివి.”

“మాట్లాడకు. డాక్టరు వస్తున్నాడు.”

“మీసం ఊడింది.”

“ఊడనీ.”

“మొదటి రోజే తెలుసు నువ్వు మనవాడివని. ఇంత చెత్త మీసం మన శాఖ తప్ప ఎవరిస్తారు?”

“మరి చెప్పొచ్చుగా.”

“ప్రాణం మీదికొస్తే తప్ప చెప్పకూడదుగా.” కాసేపు ఊపిరి కూడదీసుకుంది. “ఊరికే అడిగినా వింటావనుకున్నాను.”

వేలాడుతున్న మీసాన్ని బొటనవేలితో నొక్కి పెట్టింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టింది. చెయ్యి జారిపోయింది. మీసం కూడా.

మర్నాడు చీఫ్ కరచాలనం చేశాడు. “యుద్ధం తప్పింది. ఒకరి సంగతి ఒకరికి తెలియదు కాబట్టే ఇద్దరిలో ఒకరు దక్కారు. పద్ధతి పనిచేసింది, బంకా.”

“అవును సార్. గట్టిగానే పనిచేసింది.”

సామాను అప్పగించేటప్పుడు బంక మీటరిచ్చాడు, మీసమిచ్చాడు, ఒక కాగితం మాత్రం జేబులోనే ఉంచుకున్నాడు. మూడో బెంచి కొత్త ల్యాంపుకి వెయ్యి గంటల గ్యారంటీ అని దాని మీద ఉంది. వెలిగింది ఆరు గంటలు. మిగతా తొమ్మిది వందల తొంభై నాలుగు గంటలూ మనిషి ఏం చెయ్యాలో అందులో ఎక్కడా రాయలేదు.