అమ్మమ్మ ఊళ్లో పడని బాంబు

లంచ్ అయిపోయింది. అమెరికాలో హెర్న్‌డన్‌లోని ఆ ఐదో తరగతి గదిలో, అందరి ముందు కుర్చీలో అబిగేల్ వాళ్ల అమ్మమ్మ లూసీ కూర్చుంది. పెద్దవాళ్లు వచ్చి పాతరోజుల కబుర్లు చెప్పే రోజది. అమ్మమ్మ తెలుగులో చెబుతుంటే ఇంగ్లీష్‌లోకి మార్చే పని అబిగేల్‌ది.

"అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. పాకిస్తాన్‌తో యుద్ధం. మా ఊరు సముద్రం పక్కనే. రాత్రిపూట ఎక్కడా దీపం కనబడకూడదని కబురొచ్చింది. కిటికీలకి దుప్పట్లు కట్టాం" అంది అమ్మమ్మ.

అబిగేల్ అదే చెప్పింది. వెనక వరసలో ఆరుష్ ఆవలించాడు. ఇందాక వాళ్ల తాతయ్య ఆర్మీలో ట్యాంక్ నడిపిన సంగతి చెబితే క్లాసంతా నోళ్లు తెరుచుకుని వింది. ఇక దుప్పట్ల గోల ఎవరికి కావాలి?

"అప్పటికే మా అయ్య పడవ చేపలవేటకి వెళ్లిపోయింది. ఆ రాత్రి..." అంటోంది అమ్మమ్మ.

అబిగేల్ ఆగలేదు. "ఆ రాత్రి ఊరి మీద బాంబు పడింది. మా అమ్మమ్మ మంటల్లోంచి తమ్ముణ్ణి మోసుకొచ్చింది" అని ఇంగ్లీష్‌లో దంచేసింది.

ఒకటే చప్పట్లు. అమ్మమ్మకి ఇంగ్లీష్ అంతగా రాదు గానీ బాంబంటే తెలుసు.

"బాంబెక్కడ పడిందే?" అని చేతిసంచి అందుకుంది. "నా కథ నీకు నచ్చలేదుగా. ఇక నువ్వే చెప్పుకో తల్లీ."

ఇప్పుడు ఊరుకుంటే అమ్మమ్మ ఇంకెప్పుడూ ఆ కథ చెప్పదు. నిజం ఒప్పుకుంటే క్లాసంతా నవ్వుతుంది. నవ్వితే నవ్వనీ అనుకుంది అబిగేల్.

"నేను అబద్ధం చెప్పాను. బాంబు పడలేదు. మళ్లీ చెబుతాను" అంది గట్టిగా. కిసుక్కుమని నవ్వులు వినిపించాయి. అయినా అమ్మమ్మ వైపే తిరిగింది. "చెప్పమ్మమ్మా. ఈసారి నువ్వు ఆగాకే నేను మాట్లాడతాను."

అమ్మమ్మ దాని మొహంలోకి చూసి, సంచి కింద పెట్టింది.

"రోజూ ఒడ్డున లాంతరు చూసుకుని పడవలు వచ్చేవి. ఆ రాత్రి లాంతరు వెలిగించకూడదు. మరి అయ్యకి ఒడ్డెలా తెలుస్తుంది? గొంతులు విని వస్తారని, మా అమ్మా, ఊళ్లో ఆడవాళ్లంతా చీకట్లో ఒడ్డున నిలబడి చర్చి పాటలు పాడారు."

అబిగేల్ ఒక్క మాట కూడా వదలకుండా చెప్పింది. ఈసారి ఎవరూ ఆవలించలేదు.

"వాళ్ల నాన్న వచ్చాడా?" ఆరుష్ అడిగాడు.

వచ్చేశాడని అనబోయి అబిగేల్ నోరు మూసుకుంది. ఆ సంగతి తనకీ తెలియదు మరి.

"మీ అయ్య వచ్చాడా అమ్మమ్మా?"

"తెల్లారేలోగా వచ్చాడు. పాడి పాడి మా అమ్మకి గొంతు పోయింది. వారం పాటు అయ్యని సైగలతోనే తిట్టింది."

అబిగేల్ అది ఉన్నదున్నట్టు చెప్పింది. క్లాసంతా నవ్వింది. తను మాత్రం ఇంకో కుర్చీ లాక్కుని అమ్మమ్మ పక్కన కూర్చుంది.

"తర్వాతేమైంది?" అని అడిగి, చెవులప్పగించింది.