తలుపు 1000

సోమవారం ఉదయం తొమ్మిదింబావు. పదో తరగతి గది.

ముత్యం బ్యాగ్ జిప్ తీసింది. లోపల చెయ్యి పెట్టింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

సైన్స్ నోట్స్ లేదు.

ఏడాది పొడుగునా చేత్తో రాసుకున్న నోట్స్ అది. అక్షరాలు ముత్యాలు పేర్చినట్టుంటాయని ఆ పిల్లకి క్లాసంతా కలిసి పెట్టిన పేరే ముత్యం. సైన్స్ పరీక్ష శుక్రవారం.

బెంచీల కింద వెతికారు. బీరువాలు తీయించారు. దొరకలేదు.

మంగళవారం ఉదయం ప్రిన్సిపాల్ గది గుమ్మంలో ఒక కవరు కనిపించింది. పైన ముత్యం పేరు, సెక్షను ప్రింటు చేసి అతికించి ఉన్నాయి. లోపల కాగితాల కట్ట. అవే పాఠాలు. దాదాపు అవే వాక్యాలు. కాకపోతే టైపు చేసినవి. అదీ ఏడు పాఠాల వరకే. చివరి మూడు లేవు.

ఆ క్లాసులో నోట్స్ టైపు చేసుకునేది ఒకే ఒక్క అమ్మాయి. టకటక. లాప్‌టాప్ మీద ఆమె వేళ్ళు చేసే చప్పుడే ఆమె పేరైపోయింది.

ఆమె, ముత్యం పోయిన వారమే పోట్లాడుకున్నారు. క్లాసంతా చూసింది.

ఇంకేం కావాలి? మధ్యాహ్నానికల్లా టకటక హాల్‌టికెట్ ప్రిన్సిపాల్ సొరుగులోకి, టకటక ఇంటికి వెళ్ళిపోయాయి.

ఆ తర్వాతే ఇన్‌స్పెక్టర్ మేడంకి కబురు వచ్చింది. ఆవిడ పోలీసు డిపార్ట్‌మెంట్‌లో రిటైరై, ఇప్పుడు స్కూల్ సెక్యూరిటీ చూస్తోంది. ఉద్యోగం పోయినా పిలుపు పోలేదు.

"చిన్న రిపోర్ట్ రాసివ్వండి మేడం. ఫైల్లో పెట్టేస్తాను," అన్నాడు ప్రిన్సిపాల్.

"ఎంక్వైరీ చెయ్యకుండానా?"

"కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంటే ఎంక్వైరీ ఏంటండీ?"

"కళ్ళకి కట్టింది గంతలో ఏమిటో చూడాలి కదా సార్."

* * *

బుధవారం ఉదయం ఇన్‌స్పెక్టర్ టకటకను పిలిపించింది. వెంట వాళ్ళమ్మ వచ్చింది. మందుల షాపులో బిల్లులు కొట్టే ఆవిడ. ఒక్క మాట మాట్లాడకుండా కూతురి భుజం మీద చెయ్యి వేసి కూర్చుంది.

"నోట్స్ నువ్వు తీశావా?"

"లేదు."

"పోట్లాడావట?"

"పోట్లాడాను. చేత్తో రాస్తూ కూర్చుంటే సిలబస్ ఎప్పటికవుతుందే అన్నాను. టైపు చేసింది తెల్లారేసరికి గుర్తుండదే అంది. అంతే."

"అంతేనా?"

పిల్ల కింది పెదవి కొరుక్కుంది.

"నిన్న అందరి ముందూ దొంగ అంది. మూడో తరగతి నుంచి ఒకే బెంచీ మేడం మేము."

ఇన్‌స్పెక్టర్ లాప్‌టాప్ ముందుకు జరిపింది. సైన్స్ పుస్తకం తీసి ఒక పేజీ చదివింది. టకటక టైపు చేసింది. వేగం ఎక్కడా తగ్గలేదు.

తప్పులు వచ్చాయి. ఒక చోట దీర్ఘం పోయింది. ఇంకో చోట ఒత్తు పోయింది. వేళ్ళు జారిన తప్పులు.

ఇన్‌స్పెక్టర్ ఆ పేజీని కవర్లోని కాగితాల పక్కన పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత సైన్స్ మాస్టారి దగ్గరికి వెళ్ళింది.

"ఇది చదవండి మాస్టారూ."

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "'చీరలు రక్తాన్ని గుండెకు తీసుకువస్తాయి.'" ఆయనకు నవ్వొచ్చింది. "సిరలండీ అవి. పరధ్యానం పిల్లలు."

"ఈ కింది లైను?"

"'కవాటాలు రక్తాన్ని వెనక్కి పోనివ్వవు తలుపు 1000.' ఇదా? కవాటం అంటే తలుపేగా. గుర్తుకోసం ఏదో రాసుకుని ఉంటుంది."

"వెయ్యి ఎందుకు?"

"అదే తెలీదు. గుండెకి ఉన్నవి నాలుగే."

ఇన్‌స్పెక్టర్ ఇంకో కాగితం తీసింది. "ఇది మొక్కల పాఠం. ఇక్కడా తలుపు 1000 ఉంది. కాంతి పాఠంలోనూ ఉంది. మొక్కలకి తలుపులెందుకు మాస్టారూ?"

మాస్టారి నవ్వు ఆగిపోయింది.

* * *

అదే రోజు సాయంత్రం ముత్యం ఇల్లు.

ఆ పిల్ల బల్ల దగ్గర కూర్చుని రాస్తోంది. కుడి మణికట్టుకి కట్టు ఉంది. రెండు లైన్లు రాయడం, చెయ్యి విదిలించడం. మళ్ళీ రాయడం.

"చెప్తే వినదండీ," అంది తల్లి. "కొన్నాళ్ళుగా ఆ చెయ్యి పట్టుకుని నిద్రలో కూడా మూలుగుతోంది."

"ఆ నోట్స్ ఆఖరిసారి ఎప్పుడు చూశావమ్మా?" అడిగింది ఇన్‌స్పెక్టర్.

"శనివారం రాత్రి. చదివి బ్యాగ్‌లో పెట్టాను."

"ఆదివారం?"

"తియ్యలేదు. ఆదివారమంతా లెక్కలు చేసుకున్నాను."

"సోమవారం బ్యాగ్ ఎక్కడ తెరిచావు?"

"క్లాసులోనే." చెప్పి ముత్యం తలెత్తింది. ఆ జవాబుకి అర్థం అప్పుడే ఆమెకూ తట్టినట్టుంది. నోట్స్ స్కూల్లోనే పోయిందని ఎవరు చెప్పారు?

తండ్రి వచ్చాడు. కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్. చేతిమీద మందపాటి కోటు. ఇన్‌స్పెక్టర్‌ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"మేడం... ఆ ప్రింటు కాగితాలు పనికొస్తాయా? పరీక్షకి?"

"ఏడు పాఠాల వరకు పనికొస్తాయి."

ఆయన తల దించుకుని చెప్పులు విప్పాడు. విప్పడానికి చాలాసేపు పట్టింది.

* * *

గురువారం పదకొండింటికి ప్రిన్సిపాల్ గదిలో అందరూ కూర్చున్నారు. సైన్స్ మాస్టారు. టకటక, వాళ్ళమ్మ. ముత్యం, వాళ్ళ నాన్న. తెల్లారితే పరీక్ష.

"రిపోర్ట్ తెచ్చారా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"తెచ్చాను. ముందు ఒక చిన్న సంగతి చూడండి."

ఇన్‌స్పెక్టర్ తన ఫోన్ తీసింది. మైకు గుర్తు నొక్కింది. ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని అంది.

"తలుపు వెయ్యి."

ఫోన్ బల్ల మీద పెట్టింది. అందరూ వంగి చూశారు.

తలుపు 1000.

"టైపు చేసేవాళ్ళు అక్షరం మింగుతారు. సిరని చీర చెయ్యరు. చెవి తప్పుగా విన్నప్పుడే సిర చీర అవుతుంది. ఈ నోట్స్ ఎవరూ టైపు చెయ్యలేదు. ఎవరో పైకి చదివారు, ఫోన్ విని రాసుకుంది. పక్కన ఎవరో తలుపు వెయ్యి అని అరిచారు. ఫోన్ అదీ రాసింది. మనిషికైతే అది తలుపు మూయమనడం. ఫోన్‌కి అది అంకె."

"టకటక కూడా అలా చెయ్యొచ్చుగా?" అన్నాడు ప్రిన్సిపాల్.

"అంత వేగంగా టైపు చేసే పిల్లకి చదివి వినిపించే ఖర్మేంటి సార్? పైగా ఎన్నిసార్లు ఉందో చూడండి. మాటిమాటికీ తలుపు మూయమని కేకలేసే చోటు ఏది? ఇవాళ పొద్దున్న అలాంటి చోటికి వెళ్ళాను. చలి బయటికి పోతుందని, మనిషి లోపలికి అడుగు పెట్టగానే..."

"నేనే మేడం."

ముత్యం తండ్రి లేచి నిలబడ్డాడు. ఎవరూ కూర్చోమనలేదు.

"పిల్ల చెయ్యి చూడలేకపోయాను. పేరెంట్స్ మీటింగ్‌లో ఈ రోజుల్లో నోట్సు ఫోన్లో పెట్టుకోవడమే తేలికన్నారు. నాకు టైపు రాదు. చదివితే చాలు ఫోనే రాసుకుంటుందని మా గుమాస్తా చూపించాడు. ఆదివారం డ్యూటీలో కూర్చుని చదివాను. సాయంత్రం ఇంటికొచ్చి మళ్ళీ బ్యాగ్‌లో పెట్టేద్దామనుకున్నాను."

"ఏడో పాఠం అయ్యాక?"

"లోడు వచ్చింది. పుస్తకం పెట్టెల మీద పెట్టి వెళ్ళాను. పైన మంచు కరిగి కారింది. తిరిగి వచ్చేసరికి సిరా అంతా ఏకమైపోయింది. పేజీ విడదీస్తే పేజీ చిరిగింది."

"నాన్నా," అంది ముత్యం.

"సోమవారం చెబుదామనుకున్నానమ్మా. ఇంటికొస్తే నువ్వు ఏడుస్తున్నావు. భయమేసింది. ఉన్నంతవరకు ప్రింటు తీయించి, పొద్దున్నే వచ్చి ఇక్కడ పెట్టాను. ఈ పిల్ల మీదికి వస్తుందనుకోలేదు. వచ్చాక... మరీ నోరు పెగల్లేదు."

ప్రిన్సిపాల్ ఫ్యాన్ కేసి చూస్తున్నాడు. మాస్టారు గోడ కేసి.

"అంకుల్," అంది టకటక.

ఆయన అటు తిరిగాడు.

"మంగళవారం నన్ను పంపించేశాక మీరు ముత్యం కోసం వచ్చి గేటు బయట ఉన్నారు. ఎండలో నడవకమ్మా అని బండి ఎక్కించుకుని ఇంటి దగ్గర దింపారు."

"అవునమ్మా."

"దారిలో నేను తియ్యలేదు అంకుల్ అన్నాను. మీరేమన్నారు?"

ఆయన కూతురి వైపు చూశాడు.

"నాకు తెలుసమ్మా అన్నారు." టకటక గొంతు పెంచలేదు. "ఆ రాత్రి మా అమ్మకి అదే చెప్పాను. అందరూ దొంగన్నా అంకుల్ ఒక్కరు నమ్మారమ్మా అన్నాను. ఆ ఒక్క మాట పట్టుకునే పడుకున్నాను."

ఆయన కుర్చీ వెనక చెక్క పట్టుకున్నాడు. చేతులు రెండూ జోడించబోయాడు. టకటక తల్లి చెయ్యెత్తి వారించింది.

"వద్దండీ. పిల్లకి దణ్ణం పెట్టకండి," అంది. ఆ రెండు రోజుల్లో ఆవిడ స్కూల్లో నోరు విప్పడం అదే మొదలు.

ప్రిన్సిపాల్ సొరుగు తెరిచి హాల్‌టికెట్ తీశాడు. బల్ల మీద పెట్టి వేలితో ముందుకు తోశాడు. టకటక తీసుకుని నాలుగు వైపులా చూసి, మడత పడిన మూల గోటితో సాపు చేసింది.

ముత్యం లేచి ఎదురుగా వచ్చి నిలబడింది. కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని ఉంది.

"నిన్ను అందరి ముందూ..." అంది.

"తెలుసు. నేనూ అక్కడే ఉన్నాగా."

"పోనీ నన్ను కూడా ఏదో ఒకటి అను."

టకటక హాల్‌టికెట్ వాళ్ళమ్మ చేతికిచ్చింది.

"మిగతా మూడు పాఠాలు నా దగ్గరున్నాయి. ఇంటికెళ్ళగానే పంపిస్తాను. చదువుకో. చేత్తో రాయకు, చెయ్యి వాచిపోయింది. రేపు మూడు గంటలు రాయాలి."

"మరి మనం?"

"అది ఇప్పుడు అడక్కే."

తల్లీ కూతుళ్ళు బయటికి నడిచారు. ఇన్‌స్పెక్టర్ రిపోర్ట్ బల్ల మీద పెట్టింది. దాన్ని అందుకోవడానికి ఎవరూ చెయ్యి చాపలేదు.