గడువుగారి ఆఖరి వాయిదా

పొద్దు ఇంకా వాలలేదు... కానీ చీకటి వచ్చేసింది!

కాటుక రంగు మేఘాలు ఆకాశాన్ని కబళించాయి. దిక్కులు పిక్కటిల్లేలా ఉరుము... ఆ వెనకే మరో మెరుపు! ఆ మెరుపు వెలుగులో నాలుగంతస్తుల గృహోపకరణాల దుకాణం ఒక్క క్షణం సమాధిలా తెల్లగా కనిపించి మళ్ళీ చీకట్లో మునిగిపోయింది. దాని బోర్డు మీద ఒక గుడ్లగూబ వచ్చి వాలింది. తడిసిన రెక్కలు విదిల్చి, ఎవరినో పిలుస్తున్నట్టు కూసింది. గొడుగులు పట్టుకుని పరుగెడుతున్న జనంలో ఎవరూ తలెత్తి చూడలేదు. చూసినా ఆగేవాళ్ళు కాదు, ఎందుకంటే లోపల ఆ రోజు పరుపులు సగం ధరకే ఇస్తున్నారు.

ఆ పరుపులు నిలవ ఉంచే నేలమాళిగలో, అట్టపెట్టెల వెనుక, ఎప్పుడూ తాళం వేసి ఉండే గదిలో... ఒక కపాలం!

దాని చుట్టూ నల్లని కొవ్వొత్తులు. కంటిగుంటల్లో మిణుకుమిణుకుమంటున్న ఎర్రటి వెలుగు. దాని ముందు కూర్చున్నవాణ్ణి చూస్తే మాత్రం మాంత్రికుడని ఎవరూ అనుకోరు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, మెడలో ఉద్యోగి గుర్తింపు కార్డు. ఆ దుకాణం తన పేరు మీద ఇచ్చే క్రెడిట్ కార్డుల బాకీలు వసూలు చేసే అధికారి. సిబ్బంది వెనకాల ఆయన్ని 'గడువుగారు' అనేవాళ్ళు. ఎదురుగా అనే గుండె ఎవరికీ లేదు. నేను మాత్రం ఇకమీద 'వాడు' అనే అంటాను. గౌరవానికి తగ్గ పని వాడు పుట్టి బుద్ధెరిగాక ఒక్కటీ చేయలేదు.

కార్డు బిల్లు ఒక్కరోజు ఆలస్యమైందని ఎవరొచ్చి కాళ్ళావేళ్ళా పడినా, వాడు తలైనా ఎత్తకుండా ఒకే మాట అనేవాడు.

"మీరు పంపిన తేదీ మాకు లెక్క కాదు. మాకు చేరిన తేదీయే లెక్క."

ఆ మాట వాడి సొంతం కాదు. కపాలంలో బందీగా ఉన్న పిశాచి పెట్టిన నియమం అది! ఆ కార్డు మీద సంతకం పెట్టినవాళ్ళు ఒకసారి గడువు తప్పితే వాళ్ళ తెలివిలో సగం పిశాచి పాలు. వరసగా రెండోసారి తప్పారా, ప్రాణమే దాని పాలు... ఆ ప్రాణానికి ఇంకా మిగిలి ఉన్న ఆయుష్షంతా వాడి పాలు! అలా ఎందరి ఏళ్ళు మింగాడో వాడికే గుర్తులేదు. నిండు నూరేళ్ళు ఎప్పుడో దాటినా నలభై ఏళ్ళవాడిలా నిగనిగలాడేవాడు. తలకు ఏ నూనె రాస్తారని ఆఫీసులో అడిగేవాళ్ళు కూడా ఉన్నారు పాపం.

అయితే ఏ పిశాచీ ఉత్త పుణ్యానికి ఊడిగం చేయదు. మొట్టమొదటి కార్డు మీద సంతకం వాడే పెట్టాలంది. ప్రతినెలా వాడూ ఏదో ఒక వస్తువు అరువుకు కొనాలి, వాడూ బిల్లు కట్టాలి. బలి ఇవ్వాలంటే ఆ మనిషి గడువూ వాడి గడువూ ఒకే రోజు పడాలి. ఆ రోజు దుకాణం షట్టరు నేలను తాకేలోగా వాడి బాకీ చెల్లితే పిశాచి వాడికి దాసి. చెల్లకపోతే, మొదటిసారికే వాడి ప్రాణం దాని పాలు... ఆ ఆలోచనే వాడికి ఎన్నడూ రాలేదు. ముందు రోజే కట్టిపారేస్తే పీడా పోయేది కదా అంటారేమో. ఎంగిలి చేత్తో కాకిని తోలని రకం వాడు! ముందే కడితే బ్యాంకులో ఒక్కరోజు వడ్డీ పోదూ? అందుకని షట్టరు దిగే ముందు, ఆఖరి నిమిషంలో, దుకాణం కంప్యూటరే వాడి ఖాతాలోంచి సొమ్ము లాక్కునేలా ఏర్పాటు చేసుకున్నాడు.

ఆ సాయంత్రం బలి ఒక కుట్టుపనావిడ.

దుకాణానికి రెండు వీధుల అవతల ఇరుకు వాటాలో ఉంటుందామె. భర్త లారీ డ్రైవరు, నెలలో సగం రోజులు దారిలోనే. ఇంట్లో మిగిలేది ఆమె, అత్తగారు, ఆ ఇద్దరి మధ్య ఎప్పుడూ చల్లారని పొయ్యి లాంటి తగువు. కాలితో తొక్కే మిషను మీద నడుం పడిపోతోందని కోడలు దుకాణం కార్డు మీద మోటారు మిషను తెచ్చుకుంది. కిందటి నెల గడువు రోజు సాయంత్రమే ఫోనులోంచి డబ్బు పంపింది. మర్నాడు బ్యాంకుకు సెలవు. సొమ్ము చేరేసరికి గడువు దాటింది.

అంతే... ఆ సాయంత్రమే ఆమె కత్తెర పట్టుకుని మగగొంతుతో వికటంగా నవ్వింది! అప్పటి నుంచి వెలుతురు తగ్గితే చాలు, కళ్ళలో నల్లగుడ్లు మాయమయ్యేవి. ఎవరూ తెచ్చివ్వని నల్లబట్ట ఎక్కడిదో మిషను మీదికి వచ్చేది. దాంతో ఒక తలకు సరిపోయే ముసుగు కుట్టేది, విప్పేది, మళ్ళీ కుట్టేది. తెల్లారితే మామూలు మనిషి, వేళ్ళనిండా సూదిపోట్లు.

వారం కిందటే ఆమె మిషను పెట్టెలో దాచిన డబ్బు తీసి అత్తగారి చేతిలో పెట్టింది.

"అత్తయ్యా, ఆ దుకాణం మెట్లు దిగమని నన్నెవరో పిలుస్తున్నారు. నేను అక్కడికి వెళ్ళకూడదు. ఫోనులో పంపితే మళ్ళీ ఎప్పటికి చేరుతుందో. మీరే వెళ్ళి కౌంటర్లో కట్టేయండి. ఈసారి తప్పితే నేను నేనుగా మిగలను."

"నాటకాలు చాలించు," అంది అత్తగారు. "ముందే పట్టుకెళ్ళి పొయ్యడానికి వాళ్ళేమన్నా మన మేనమామలా? గడువు రోజున కడితే చాలదూ?"

ఆ ఇంట్లో కరెంటు బిల్లు దగ్గర్నుంచి అద్దె దాకా గడువు రోజునే కట్టడం ఆవిడ పద్ధతి. డబ్బు మన దగ్గర ఒక పూట ఎక్కువ ఉంటే అదో ధీమా. ఈసారి ఆ గడువు రోజు పొద్దుట్నుంచీ కుండపోత. తగ్గాక వెళ్దాం, తగ్గాక వెళ్దాం అనుకుంటూ కూర్చుంది. వాన తగ్గలేదు... చీకటే ముందుగా వచ్చింది!

మిషను దానంతటదే గిర్రున తిరిగి ఆగింది. కోడలు లేచింది. తెల్లటి కళ్ళు... విరబోసిన జుట్టు... చేతిలో పూర్తయిన నల్ల ముసుగు!

"ఏమే, ఎక్కడికి?" అని అత్తగారు చెయ్యి పట్టుకుంది.

ఒక్క విదిలింపు! ఆవిడ వెళ్ళి గోడకు కొట్టుకుంది. కోడలు పెదాల మీంచి ఊడిపడిన గొంతు కోడలిది కాదు.

"ముసలిదానా, అడ్డొస్తే నిన్నూ నమిలేస్తా. వేళైంది."

అప్పుడు నమ్మింది అత్తగారు. భయాన్ని మించి, నమ్మనందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. చీరకొంగున డబ్బు ముడేసుకుని, బిల్లు జాకెట్లో దోపుకుని, గొడుగు అందుకుని ఆ వానలో కోడలి వెనక పరుగెత్తింది.

దుకాణం గుమ్మంలో కోడలు ఎవరినీ చూడకుండా నేలమాళిగ మెట్లు దిగిపోయింది. అత్తగారు ఒక్క క్షణం ఆగింది. కింద కోడలు, పైన కౌంటరు. వెనకాలే దిగి మళ్ళీ చెయ్యి పట్టుకుంటే ఏం లాభం? గోడలు ఇక్కడా ఉన్నాయి. 'గడువు తప్పితే మిగలను' అంది పిల్ల. ఆవిడ గిరుక్కున కౌంటరు వైపు తిరిగింది.

కింద... మంత్రోచ్చారణ పతాకస్థాయికి చేరింది! కొవ్వొత్తుల మంటలు నీలంగా మారాయి. కోడలు మోకాళ్ళ మీద కూలబడి తను కుట్టిన ముసుగును తన తలకే తొడుక్కుంటోంది. వాడి చూపు గోడకున్న కెమెరా తెర మీద పడింది. కౌంటరు ముందు తడిసి ముద్దైన ఒక ముసలావిడ... చీరకొంగు ముడి విప్పుతోంది!

వాడి ముఖం జేవురించింది. ఇన్నేళ్ళలో నోటిదాకా వచ్చిన కూడు ఎవరూ లాక్కోలేదు. వెర్రికోపంతో గోడ దగ్గరికి దూకి, దుకాణమంతటికీ కరెంటు వెళ్ళే పెద్ద స్విచ్చును కిందికి లాగేశాడు.

నాలుగంతస్తులూ అంధకారం!

పైన లావుపాటి క్యాషియరు నోట్ల మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"సిస్టం పోయింది పెద్దమ్మా. ఇంక రేపే. షట్టరు కూడా దించేస్తున్నారు."

"రేపటికి మా పిల్ల ఉండదు. చేత్తో రాసివ్వు."

"చేతి రసీదులు పాతకాలం పద్ధతమ్మా. పుస్తకం ఉందిగానీ, మా గడువుగారు చూస్తే ఊరుకోరు."

"కౌంటర్లో చేతికిచ్చిన డబ్బు, ముద్ర పడితే ఆ రోజుకే జమ అని మీ బిల్లు వెనకాల మీరే అచ్చేశారు. ఆయన ఊరుకోకపోతే నీ ఉద్యోగం పోతుంది. నేను ఊరుకోకపోతే నీ పరువు పోతుంది. ఏది ముందు పోవాలో తేల్చుకో నాయనా, నాకు తొందరగా ఉంది."

క్యాషియరు ఆవిడ ముఖం చూశాడు. తేల్చుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఫోను లైటు నోట కరుచుకుని, సొరుగు అడుగు నుంచి దుమ్ము పట్టిన పుస్తకం తీసి, కార్డు నంబరు, తేదీ, మొత్తం రాసి, ముద్ర కొట్టాడు. గుమ్మం దగ్గర కాపలావాడు అప్పటికే షట్టరు గొలుసు లాగుతున్నాడు. కిర్రు కిర్రుమంటూ షట్టరు దిగుతోంది...

అత్తగారు రసీదు గుప్పిట్లో పట్టుకుని చీకట్లో మెట్లు దిగింది. అట్టపెట్టెల సందులోంచి నీలం వెలుగు కనిపిస్తే అటు నడిచింది. కపాలంలోంచి వస్తున్న గొంతుకు గోడలు అదురుతున్నాయి.

"ఈ రోజు చెల్లనిది ఎవరిది?"

"ఇదిగో, దీనిది," అన్నాడు వాడు. కోడలి జుట్టు పట్టుకుని ముందుకు తోశాడు. "తీసుకో."

"తీసుకుంటుంది, తీసుకుంటుంది," అంది అత్తగారు గుమ్మంలోంచి. రసీదు ఉండచుట్టి వాడి ముఖాన కొట్టింది. "చూసుకోరా. ముద్ర తడి కూడా ఆరలేదు."

కాగితం కపాలం ముందు పడి దానంతటదే విచ్చుకుంది. ఎర్రటి చూపు అక్షరాల మీదుగా నెమ్మదిగా పాకింది. మరుక్షణం... ముసుగు నిట్టనిలువునా చిరిగింది! కోడలు నీళ్ళలోంచి పైకి తేలినట్టు పెద్దగా ఊపిరి తీసుకుని అత్తగారి పాదాల దగ్గర వాలిపోయింది.

కపాలం కదిలింది. ఎముక రాతి మీద రాసుకుంటున్న చప్పుడు... అది మెల్లగా వాడి వైపు తిరిగింది!

"ఈమెది చెల్లింది. ఈ రోజు గడువు ఇంకొకరికి కూడా ఉంది. నీది ఏది?"

వాడు నవ్వబోయాడు. "నాది ఎప్పుడో ఏర్పాటు చేశాను. కంప్యూటరే సమయానికి..."

వాడి చూపు గోడ మీదికి, తను లాగేసిన స్విచ్చు మీదికి వెళ్ళింది. నోరు తెరుచుకుంది. ఒక్క ఉదుటున దాని మీదికి ఉరికాడు. వేళ్ళు దాన్ని అందుకునే లోపల పైన...

ధడాల్!

షట్టరు నేలను తాకింది.

ఆ చప్పుడు వెనకే స్విచ్చు పైకి లేచింది. దీపాలు వెలిగాయి. కంప్యూటర్లన్నీ మేలుకున్నాయి. వాడి ఖాతాలోంచి సొమ్ము బుద్ధిగా బయల్దేరింది కూడా.

"పంపాను," అని అరిచాడు వాడు. "వెళ్తోంది, అదిగో, పంపేశాను."

కపాలం నోరు తెరిచింది.

"నువ్వు పంపిన తేదీ నాకు లెక్క కాదు. నాకు చేరిన తేదీయే లెక్క."

వాడు మింగిన ఏళ్ళన్నీ ఒక్కసారిగా వాడి మీద పడ్డాయి! నల్లటి జుట్టు తెల్లబడి, రాలి, పొడైంది... చెంపలు గుంటలు పడ్డాయి... పళ్ళు ఒక్కొక్కటే టపటపా నేల మీద రాలాయి! వాడి కేకలో వాడొక్కడి గొంతే లేదు. ఆ కార్డు మీద సంతకం పెట్టి పోయిన ప్రతివాళ్ళ గొంతూ, ఎవరి ఏళ్ళు వాళ్ళు వెనక్కి అడుగుతున్నట్టు, అందులోంచి వినిపించింది. చివరికి ఇస్త్రీ చొక్కా ఖాళీగా కుప్పకూలింది. గుప్పెడు బూడిద, రెండు పెన్నులు, ఒక గుర్తింపు కార్డు మిగిలాయి. కట్టేవాడు లేని పిశాచికి అక్కడ ఇక పనిలేదు. కపాలం పెళ్ళున పగిలి, ఎర్ర వెలుగు ఆరిపోయింది.

బయట బోర్డు మీద గుడ్లగూబ రెక్కలు విప్పుకుని వానలోకి ఎగిరిపోయింది.

మర్నాడు ఊడ్చేవాళ్ళు ఆ బూడిదను చేటలోకి ఎత్తి పారేశారు. పై నెల గడువుగారి పేరు మీద ఒక బిల్లు వచ్చింది, ఆలస్య రుసుముతో సహా. దాన్ని ఎవరికివ్వాలో తెలియక క్యాషియరు సొరుగులో పడేశాడు.

ఆ వాన సాయంత్రం మాత్రం కాపలావాడి చేత షట్టరు సగం ఎత్తించుకుని, అత్తాకోడళ్ళు ఒకే గొడుగు కింద ఇంటిదారి పట్టారు. అత్తగారు కోడలి నడుం చుట్టూ చెయ్యి వేసి మోస్తున్నట్టే నడిపించింది.

"కట్టారా అత్తయ్యా?" అంది కోడలు వీధి మలుపులో. అది ఆమె గొంతే.

"కట్టాను." అత్తగారికి ఏడుపొచ్చింది. అది వాన అనుకోవాలని ముఖం పక్కకు తిప్పుకుంది. "ఇంకెన్ని వాయిదాలున్నాయే ఆ దిక్కుమాలిన మిషనుకి?"

"రెండు."

"పొద్దున్నే వెళ్ళి ఆ రెండూ కట్టి పారేసి వస్తాను. తర్వాత నీ ఇష్టమొచ్చినట్టు నాతో పోట్లాడుకో."